ఎన్‌ఐఈ దగ్గర ఆగిపోయారా? కానరీ దీవులకు మారేవాళ్ల కోసం సమస్య - పరిష్కారం

స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లో తెనెరీఫేలోనో గ్రాన్ కనారియాలోనో దిగిన వారంలోనే తెలిసిపోతుంది, ఆ ఒక్క నంబరు లేకపోతే ఏ పనీ కదలదని. అద్దె ఒప్పందం, కరెంటు మీటరు, బ్యాంకు ఖాతా, ఉద్యోగం, సెకండ్ హ్యాండ్ కారు, ఏ కాగితం తీసినా మొదటి గడిలో అడిగేది ఎన్‌ఐఈ, అంటే విదేశీయుల గుర్తింపు సంఖ్య. అక్కడివాళ్లు మూడు అక్షరాలూ కలిపి ‘నీయే’ అంటారు. ఫొటో, వేలిముద్ర ఉండే ప్లాస్టిక్ కార్డు టీఐఈని ‘తీయే’ అంటారు. కౌంటర్ దగ్గర ఈ రెండు మాటలూ ఒకేలా వినిపిస్తాయి. చిక్కుల్లో సగం అక్కడే పుడతాయి.

మీ చిక్కు ఏదో కింద వెతుక్కోండి. మొదటిది మాత్రం అందరూ చదవండి. అది తప్పితే మిగతావన్నీ సరిగా చేసినా వెనక్కి పంపుతారు.

సమస్య: అపాయింట్‌మెంట్ ఉంది, కాగితాలన్నీ ఉన్నాయి, అయినా ‘ఇది మీకు కాదు’ అన్నారు

కారణం: మీకు కావాల్సింది కార్డు, మీరు అడిగింది నంబరు. లేదా దానికి తలకిందులుగా జరిగింది.

నంబరు వేరు, కార్డు వేరు. ఎన్‌ఐఈ జన్మకి ఒక్కసారే వచ్చే సంఖ్య. తెల్ల కాగితం మీద ముద్రించి ఇస్తారు. స్పెయిన్‌లో ఉండే హక్కు దాంతో రాదు. షెంగెన్ (తమ మధ్య సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమి) పర్యాటక వీసా మీద వచ్చి, ఇల్లు కొనడానికో కంపెనీలో వాటాకో ఎన్‌ఐఈ తీసుకున్నవాళ్లు కూడా 180 రోజుల్లో 90 రోజులు దాటి ఉండకూడదు. ‘నంబరు వచ్చింది కదా, ఇక ఉండొచ్చు’ అనుకుని గడువు దాటినవాళ్ల తర్వాతి వీసాలకు అది పెద్ద అడ్డంకి అవుతుంది. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

ఉద్యోగం, చదువు, డిజిటల్ నోమాడ్ (వేరే దేశపు కంపెనీకి ఆన్‌లైన్‌లో పనిచేసేవాళ్లది), కుటుంబ వీసాల్లో దేని మీద వచ్చినా ముందు పాస్‌పోర్టులోని వీసా స్టిక్కర్‌ను వెలుతురులో పెట్టి చదవండి. అడుగున గమనికల భాగంలో ఎక్స్, వై, జెడ్‌లలో ఒక అక్షరంతో మొదలై, ఏడు అంకెలు, చివర ఇంకో అక్షరం ఉన్న సంఖ్య కనిపిస్తే అదే మీ ఎన్‌ఐఈ. నంబరు వచ్చేసినట్టే. ఇక మీరు అడగాల్సింది టీఐఈ కార్డు. ఉండే అనుమతి ఆరు నెలలకు మించినదైతే, స్పెయిన్‌లో అడుగుపెట్టిన రోజు నుంచి నెలలోపు కార్డుకు దరఖాస్తు చేయాలి. స్పెయిన్‌లోనే ఉండి అనుమతి తెచ్చుకున్నవాళ్లకు ఆ నెల అనుమతి అందిన నాటి నుంచి లెక్క. ఆరు నెలల లోపు చదువుకు వచ్చినవాళ్లకు కార్డు అక్కర్లేదు.

పరిష్కారం: నంబరుకు ఫారం ఈఎక్స్-15, కార్డుకు ఫారం ఈఎక్స్-17. అపాయింట్‌మెంట్ జాబితాలో నంబరు వరసలో ‘అసిగ్నసియోన్ దె నీయే’ అని, కార్డు వరసలో ‘తోమా దె ఉయెయాస్’, అంటే వేలిముద్రల సేకరణ అని ఉంటుంది. ‘యూఈ పౌరుల నమోదు పత్రం’ అనే మూడో వరస యూరోపియన్ యూనియన్ (యూఈ) పౌరులకు. మన పాస్‌పోర్టుతో అది తీసుకుంటే ఆ అపాయింట్‌మెంట్ వృథా. అదే సమయానికి కౌంటర్ దగ్గర మార్చి ఇవ్వరు, కొత్తది తీసుకోవాల్సిందే.

సమస్య: ‘ప్రస్తుతం అపాయింట్‌మెంట్లు లేవు’ అని రోజుల తరబడి అదే మాట

అపాయింట్‌మెంట్‌ను సీతా ప్రెవియా అంటారు. స్పెయిన్‌లో ఎక్కువ మందిని అలసగొట్టేది ఇదే. కారణాలు నాలుగైదు ఉంటాయి, ఒక్కొక్కటీ తీసేసుకుంటూ రావాలి.

మొదటిది ప్రాంతం. పేర్లు దగ్గరదగ్గరగా ఉండి తలనొప్పి తెస్తాయి. కానరీ దీవుల్లో రెండు ప్రావిన్సులున్నాయి. తెనెరీఫే, లా పాల్మా, లా గొమేరా, ఎల్ హియెర్రో దీవులు సాంతా క్రూజ్ దె తెనెరీఫే ప్రావిన్సులోకి వస్తాయి. గ్రాన్ కనారియా, లాన్సరోతే, ఫ్యూర్తెవెంతూరా దీవులు లాస్ పాల్మాస్ ప్రావిన్సులోకి వస్తాయి. లాస్ పాల్మాస్ అనేది గ్రాన్ కనారియాలోని నగరం, లా పాల్మా ఇంకో దీవి. పాల్మా అని ఊరికే రాసి ఉంటే అది మల్యోర్కా దీవి రాజధాని, అసలు మధ్యధరా సముద్రంలో ఉంది. సాంతా క్రూజ్ దె లా పాల్మా, సాంతా క్రూజ్ దె తెనెరీఫే రెండు వేరు వేరు ఓడరేవు పట్టణాలు. హడావిడిలో పక్క దీవి ఆఫీసు ఎంచుకుంటే విమానమో ఫెర్రీయో ఎక్కాల్సి వస్తుంది. ఆఫీసు పేరు దగ్గరే ఆగిపోకుండా వీధి చిరునామా మ్యాపులో పెట్టి చూశాకే ఖాయం చేయండి.

రెండోది ఆఫీసుల ఎంపిక. తెనెరీఫే దక్షిణాన అదెహె, అరోనా వైపు ఉండేవాళ్లు ఎక్కువగా ప్లాయా దె లాస్ అమెరికాస్ ఆఫీసు ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటారు. అక్కడ విదేశీయులు ఎక్కువ, రద్దీ ఎక్కువ. సాంతా క్రూజ్, ప్వెర్తో దె లా క్రూజ్ కూడా అదే ప్రావిన్సు. బస్సులో గంటా గంటన్నర ప్రయాణం, నెల రోజుల ఎదురుచూపు కంటే నయం. గ్రాన్ కనారియాలో అయితే లాస్ పాల్మాస్‌తో పాటు మాస్‌పలోమాస్ కూడా చూడండి.

మూడోది వేళ. స్లాట్లు చుక్కచుక్కగా కాకుండా గుంపుగా వదులుతారు, కాసేపట్లో అయిపోతాయి. ఎక్కువగా ఉదయం పూట, వారం మొదట్లో కనిపిస్తుంటాయి. రద్దు చేసుకున్నవాళ్లవి మధ్యలో ఒకటీ అరా తేలుతుంటాయి. ఒకమాట గుర్తుంచుకోండి, కానరీ దీవుల గడియారం స్పెయిన్ ప్రధాన భూభాగం కంటే గంట వెనక ఉంటుంది. మాద్రిద్ సమయం ప్రకారం ఎనిమిదింటికి తెరిచే ఫోన్ లైన్ మీకు ఏడింటికే తెరుచుకుంటుంది.

నాలుగోది బ్రౌజరు. ‘మీరు కోరిన చిరునామా తిరస్కరించబడింది’ అని ఇంగ్లీషులో ఒక తెల్ల పేజీ వచ్చిందంటే అది స్లాట్లు లేవని కాదు, సైటు రక్షణ గోడ మిమ్మల్ని యంత్రం అనుకుంది. వీపీఎన్ ఆపండి. రిఫ్రెష్ కొట్టడం మానేయండి. కొత్త ప్రైవేట్ విండో తెరిచి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టండి. అప్పటికీ రాకపోతే వైఫై వదిలి ఫోన్ డేటాతో ప్రయత్నించండి. హైదరాబాద్‌లో కూర్చుని ఆఫీసు వీపీఎన్ మీద ప్రయత్నించేవాళ్లు దీని దగ్గరే ఎక్కువ ఆగిపోతుంటారు.

ఐదోది ఫోన్ నంబరు. ఆ గడి స్పెయిన్ తొమ్మిదంకెల నంబరు కోసం చేసింది. మన పదంకెల నంబరు ఎక్కకపోతే దిగిన రోజే పాస్‌పోర్టు చూపించి ప్రీపెయిడ్ సిమ్ తీసుకోండి.

డబ్బులకు అపాయింట్‌మెంట్ అమ్ముతామనే మనుషులు వాట్సాప్‌లో, ఇంటర్నెట్ షాపుల దగ్గర ఎదురవుతారు. కొనకండి. సీతా ప్రెవియా పూర్తిగా ఉచితం. అమ్మేది వేరేవాళ్ల పేరు మీద పట్టి ఉంచిన స్లాటు అయితే కౌంటర్‌లో పేరు, పాస్‌పోర్టు నంబరు కలవవు, లోపలికే పంపరు. ఈ పనిని ఇంకొకరికి అప్పగించాలనుకుంటే హెస్తోరియా ఉంటుంది, అంటే ప్రభుత్వ కాగితాల పని చేసిపెట్టే ఆఫీసు. అక్కడ చేసిన పనికి రసీదు అడిగి తీసుకోండి.

సెలవులూ చూసుకోండి. మే 30 కానరీ దినం, దీవులన్నిటికీ సెలవు. ఫిబ్రవరి 2 కందెలారియా మాత పండుగ, తెనెరీఫే మూసి ఉంటుంది. సెప్టెంబరు 8న గ్రాన్ కనారియాకు సెలవు. సాంతా క్రూజ్‌లో కార్నివాల్ వారం ఆఫీసు పనులు పెట్టుకోకండి.

సమస్య: ఫీజు కట్టినా ‘తాసా తప్పు’ అన్నారు

తాసా అంటే ఫీజు. ఫారం పేరు మోదెలో 790, కోడ్ 012. ఇది జాతీయ పోలీసుల సైటులో నింపితే తయారవుతుంది. ప్రతి ఫారానికీ దాని సొంత నంబరు, బార్‌కోడ్ ఉంటాయి. అందుకే స్నేహితుడి ఫారం జిరాక్స్ తీసి మీ పేరు రాస్తే చెల్లదు. భార్యాభర్తలిద్దరూ ఒక్క ఫారంతో కట్టినా చెల్లదు. పిల్లలకు కూడా విడిగానే.

ఎక్కువగా తప్పు జరిగేది ఫారంలోని చిన్న చతురస్రాల దగ్గర. నివాస, నివాసేతర ధ్రువపత్రం, ఎన్‌ఐఈ కేటాయింపు, మొదటి కార్డు, కార్డు పునరుద్ధరణ, అన్నీ ఒకే ఫారంలో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. సొంత అభ్యర్థన మీద ఎన్‌ఐఈ కేటాయింపు అనే గడి నొక్కితే 10 యూరోలకు కాస్త తక్కువ వస్తుంది. మొదటి కార్డుకు 16 యూరోల పైన కొద్ది సెంట్లు. మొత్తం ఈ దగ్గరలో లేకుంటే తప్పు గడి నొక్కారని అర్థం. ఈ మొత్తాలు అప్పుడప్పుడు సెంట్లలో మారుతుంటాయి కాబట్టి చేత్తో రాయకుండా సైటే వేసేలా వదిలేయండి.

‘ఎన్‌ఐఈ గడి తప్పనిసరి’ అని సైటు మొండికేస్తే, అందులో పాస్‌పోర్టు నంబరు వేయండి. నంబరే లేనివాళ్ల కోసం ఆ గడి అలా తీసుకుంటుంది.

కట్టడం బ్యాంకులో. ఖాతా ఉండక్కర్లేదు. కానీ చాలా శాఖలు ఖాతా లేనివాళ్ల దగ్గర ఫీజులు ఉదయం కొన్ని గంటలే తీసుకుంటాయి, పదకొండు దాటాక రేపు రమ్మంటాయి. బార్‌కోడ్ చదివే ఏటీఎంలలో కార్డుతో కట్టే వీలు కొన్ని బ్యాంకుల్లో ఉంది. రసీదు మీద ముద్రో, యంత్రం వేసిన అచ్చో ఉందా చూసుకోండి. మూడు ప్రతుల్లో బ్యాంకు తనది ఉంచుకుంటుంది, మిగతా రెండూ మీతో రావాలి.

తప్పు ఫీజు కట్టి ఉంటే వాదించకండి. సరైన ఫారం తీసి మళ్లీ కట్టడమే వేగం. వాపసు అడగొచ్చు గానీ పది యూరోల కోసం నెలలు పడుతుంది. ఉదయం మొదటి వేళల్లో అపాయింట్‌మెంట్ తీసుకోవడంలో ఉన్న లాభం ఇదే. తప్పు దొరికినా బ్యాంకుకు వెళ్లి కట్టి, అదే పూట తిరిగి రావడానికి సమయం ఉంటుంది.

సమస్య: నంబరు వచ్చింది, పేరు తారుమారైంది

తెలుగువాళ్లకు ఇది ప్రత్యేకం. కొంచెం ఓపిగ్గా చదవండి.

స్పెయిన్‌లో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు. ముందు సొంత పేరు, తర్వాత తండ్రివైపు ఇంటిపేరు, ఆ తర్వాత తల్లివైపు ఇంటిపేరు. మనం ఇంటిపేరుతో మొదలుపెడతాం. ‘కొండపల్లి వెంకట సాయి’ అని నోటితో చెబితే, గుమాస్తా చెవికి కొండపల్లి సొంత పేరు, వెంకట మొదటి ఇంటిపేరు, సాయి రెండో ఇంటిపేరు. ఆయన తప్పేమీ లేదు, వాళ్ల పద్ధతిలోనే టైపు చేస్తారు. ఆ పేరుతో నంబరు నమోదైతే తర్వాత బ్యాంకులో, పన్నుల శాఖలో, ఆసుపత్రిలో పాస్‌పోర్టుతో కలవదు.

కాబట్టి పేరు నోటితో చెప్పకండి. పాస్‌పోర్టు తెరిచి చూపించండి. ఫారంలో మొదటి అపెయీదో గడిలో పాస్‌పోర్టులోని ఇంటిపేరు, నోంబ్రే గడిలో మిగతా పేరంతా. రెండో అపెయీదో గడి ఖాళీగా వదిలేయండి. అది నింపాలని తండ్రి పేరో, అమ్మగారి పుట్టింటి పేరో రాసేవాళ్లున్నారు. పాస్‌పోర్టులో లేనిదేదీ ఆ గడిలో ఉండకూడదు. తల్లిదండ్రుల పేర్లు అడిగే గడులు వేరే ఉన్నాయి, అక్కడ పాస్‌పోర్టు చివరి పేజీలో ఉన్న స్పెల్లింగే వాడండి.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉన్నవాళ్లు మనలో చాలామంది. వీళ్లు వీసా స్టిక్కర్ మీద పేరు ఏ వరసలో వచ్చిందో చూసి, ఫారాలన్నిట్లో అచ్చం అదే వరస పాటించాలి. ఇంకా బయల్దేరనివాళ్లకు మా గట్టి సలహా, వీసా పెట్టకముందే పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ఇంటిపేరు విడదీయించి కొత్త పాస్‌పోర్టు తీసుకోండి. తర్వాత మార్చితే వీసా, ఎన్‌ఐఈ, కార్డు, డిగ్రీ పత్రాలు అన్నీ మళ్లీ సరిచేయించుకోవాలి.

పొడి అక్షరాలూ (ఇనీషియల్స్) చేటే. డిగ్రీలో కె.వి. సాయి, పాస్‌పోర్టులో పూర్తి పేరు ఉంటే స్పెయిన్ గుమాస్తాకు వాళ్లిద్దరు మనుషులు.

కాగితం చేతికి రాగానే కౌంటర్ వదలకండి. అక్కడే నిలబడి నాలుగు చూడండి: ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, జాతీయత. తప్పుంటే ఆ నిమిషంలో దిద్దించుకోవడం తేలిక. ‘ఆయి ఉన్ ఎర్రోర్ ఎన్ మి నోంబ్రే’ అని పాస్‌పోర్టు పక్కన పెట్టి వేలితో చూపిస్తే చాలు. బయటికి వచ్చాక అయితే దిద్దుబాటుకు మళ్లీ సీతా ప్రెవియా.

సమస్య: ‘నంబరు ఎందుకు కావాలి?’ అని అడిగి ఫారం తిప్పి ఇచ్చారు

ఈఎక్స్-15లో కారణం రాసే చోటుంది. ఆర్థిక, వృత్తిపర, సామాజిక ప్రయోజనాల్లో ఒకటి ఎంచుకుని, దానికి రుజువు చూపించాలి. ‘ఇక్కడికి మారుతున్నాను’ అన్నది కారణంగా సరిపోదు. ఇల్లు కొనే ముందస్తు ఒప్పందం, ఉద్యోగ ప్రతిపాదన, కాలేజీ ప్రవేశ పత్రం, బ్యాంకు ఖాతాకు నంబరు కావాలని బ్యాంకు ఇచ్చిన లేఖ, వీటిలో ఒకటి పెట్టండి. ఇంగ్లీషు పత్రమైతే స్పానిష్ అనువాదంతో వెళ్లండి. అధికారిక పత్రాలకు ప్రమాణం చేసిన అనువాదకులే కావాలి, గూగుల్ అనువాదం చెల్లదు.

ఫారం పాతదైనా తిప్పి ఇస్తారు. విదేశీయుల కొత్త నియమావళి 2025 మే 20 నుంచి అమల్లోకి వచ్చింది, దాంతో ఫారాలూ మారాయి. ఎవరో పంపిన పాత పీడీఎఫ్ వాడకుండా ప్రభుత్వ సైటు నుంచి తాజాది దించుకుని, రెండు ప్రతులు తీసుకెళ్లండి. పాస్‌పోర్టు అసలుతో పాటు జిరాక్స్ కూడా. కార్డుకైతే ఫొటో కొలత 32 × 26 మిల్లీమీటర్లు, తెల్ల నేపథ్యం. మన వీసా ఫొటోలు 35 × 45, అవి పనికిరావు. మాల్స్‌లో ఉండే ఫొటో యంత్రాల్లో ‘కార్నే’ కొలత ఎంచుకుంటే సరిగ్గా వస్తుంది.

సమస్య: పాస్‌పోర్టులో స్పెయిన్ ముద్ర లేదు

హైదరాబాద్ నుంచి కానరీ దీవులకు నేరుగా విమానం లేదు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వస్తే ప్రవేశ ముద్ర జర్మనీదే పడుతుంది, అక్కణ్నుంచి తెనెరీఫేకు షెంగెన్ లోపలి ప్రయాణం కాబట్టి దిగాక ఎవరూ ముద్ర వేయరు. కౌంటర్‌లో ‘స్పెయిన్‌లోకి ఎప్పుడు వచ్చారు?’ అంటే చూపించడానికేమీ ఉండదు.

ఇలా వచ్చినవాళ్లు మూడు పనిదినాల్లో పోలీసు ఆఫీసులో ప్రవేశ ప్రకటన ఇవ్వాలన్నది నియమం. దాన్ని దెక్లరసియోన్ దె ఎంత్రాదా అంటారు. చాలామందికి ఇది తెలియదు. కనీసం ఫ్రాంక్‌ఫర్ట్-తెనెరీఫే బోర్డింగ్ పాస్ దాచుకోండి, ఫోన్‌లోది స్క్రీన్‌షాట్ తీసి ముద్రించుకోండి. 2025 అక్టోబరు నుంచి యూరప్ సరిహద్దుల్లో స్వల్పకాలిక సందర్శకులకు ముద్రల బదులు కంప్యూటర్ నమోదు మొదలైంది కాబట్టి బోర్డింగ్ పాస్ విలువ ఇంకా పెరిగింది. దోహా, దుబాయ్ మీదుగా మాద్రిద్‌లో దిగినవాళ్లకు ఈ బాధ లేదు.

సమస్య: ఇంకా ఇండియాలోనే ఉన్నాను, నంబరు ఇప్పుడే కావాలి

ఇల్లు కొనేవాళ్లకు, డిజిటల్ నోమాడ్ వీసా పెట్టేవాళ్లకు ఈ అవసరం వస్తుంది. దారులు రెండు. ఒకటి, మీ రాష్ట్రం ఏ స్పెయిన్ దౌత్య కార్యాలయం కిందికి వస్తుందో అక్కడ ఈఎక్స్-15 స్వయంగా ఇవ్వడం. ఫారాన్ని వాళ్లు స్పెయిన్ పోలీసులకు పంపుతారు, నంబరు అక్కణ్నుంచి వస్తుంది. వారాలు పడుతుంది, ఇంటి రిజిస్ట్రేషన్ తేదీ దాన్నిబట్టి పెట్టుకోండి.

రెండోది, అక్కడున్న మనిషికి అధికారపత్రం ఇవ్వడం. ఇండియాలో నోటరీ చేయిస్తే రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, విదేశాంగ శాఖ అపోస్టిల్ (పత్రం అసలైనదేనని విదేశాల్లో చెల్లేలా వేసే ముద్ర), తర్వాత ప్రమాణ అనువాదం, ఇన్ని మెట్లు ఎక్కాలి. మన దేశం 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది కాబట్టి అపోస్టిల్ పడ్డాక రాయబార కార్యాలయం ముద్ర మళ్లీ అక్కర్లేదు. అదే అధికారపత్రాన్ని స్పెయిన్ కాన్సులేట్‌లోనే స్పానిష్‌లో రాయిస్తే ఈ మెట్లేవీ ఉండవు. అందులో ‘ఎన్‌ఐఈ కోసం దరఖాస్తు చేసే అధికారం’ అని స్పష్టంగా ఉండాలి. అన్ని పనులకూ అని రాసినదాన్ని కొన్ని కౌంటర్లు ఒప్పుకోవు.

సమస్య: నంబరు ఉంది, కానీ సైట్లు ‘చెల్లదు’ అంటున్నాయి

ముందు నంబరు సరిగా చదివారా చూడండి. స్పెయిన్‌వాళ్ల చేతిరాతలో ఒకటికి పొడవాటి తోక ఉంటుంది, మన కంటికి ఏడులా కనిపిస్తుంది. వాళ్ల ఏడుకు నడుమ అడ్డగీత ఉంటుంది.

చివరి అక్షరం ఊరికే పెట్టింది కాదు, లెక్క ప్రకారం వస్తుంది. మొదటి అక్షరం ఎక్స్ అయితే 0, వై అయితే 1, జెడ్ అయితే 2 అనుకుని ఏడంకెల ముందు పెట్టండి. వచ్చిన సంఖ్యను 23తో భాగించండి. శేషాన్ని ఈ వరసలో సున్నా నుంచి లెక్కపెట్టి చూడండి: టి, ఆర్, డబ్ల్యూ, ఏ, జి, ఎం, వై, ఎఫ్, పి, డి, ఎక్స్, బి, ఎన్, జె, జెడ్, ఎస్, క్యూ, వి, హెచ్, ఎల్, సి, కె, ఈ. ఉదాహరణకు జెడ్ 1234567 అనుకోండి. 21234567ను 23తో భాగిస్తే శేషం 1, అంటే అక్షరం ఆర్. మీ కాగితం మీద వేరే అక్షరం ఉంటే ఏదో అంకె తప్పు చదివారు. ఆ వరసలో ఐ, ఓ, యూ అసలు లేవు. చివర ఓ కనిపిస్తే అది క్యూ అయినా కావచ్చు, డి అయినా కావచ్చు.

మన పాస్‌పోర్టు నంబరు కూడా మామూలుగా ఒక అక్షరం, ఏడంకెలే. జెడ్‌తో మొదలయ్యే పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దాన్నే ఎన్‌ఐఈ గడిలో కొట్టి, చివరి అక్షరం ఏదని వెతుక్కుంటుంటారు. ఆ రెండింటికీ సంబంధం లేదు.

‘నూమెరో దె సొపోర్తె’ అడిగితే అది ఎన్‌ఐఈ కాదు. కార్డు మీద ‘E’ అనే ఇంగ్లీషు అక్షరంతో మొదలై ఎనిమిది అంకెలతో ఉండే కార్డు సొంత నంబరు. కార్డు మారినప్పుడల్లా అదీ మారుతుంది.

పోలీసుల దగ్గర నంబరు సరిగ్గానే ఉండి పన్నుల శాఖ సైటు మాత్రం గుర్తించకపోతే, మీరు ఇంకా పన్నుల జాబితాలో చేరలేదని అర్థం. మోదెలో 030 అనే ఫారంతో చేరాలి. సొంతంగా వ్యాపారం పెట్టేవాళ్లు కానరీ పన్నుల శాఖ దగ్గర కూడా విడిగా నమోదు కావాలి. ఇక్కడ ప్రధాన భూభాగపు వ్యాట్ ఉండదు, దాని స్థానంలో ఇగిక్ అనే పన్ను ఉంటుంది.

సమస్య: రెండు నంబర్లు వచ్చాయి

పాత పాస్‌పోర్టుతో ఎప్పుడో ఒకసారి, కొత్తదానితో ఇప్పుడొకసారి. లేదా కాన్సులేట్‌లో అడిగి, ఎదురుచూడలేక దీవిలో మళ్లీ అడిగారు. పేరు కాస్త వేరుగా టైపు అయినా కంప్యూటర్ కొత్త మనిషి అనుకుంటుంది. ఎక్కడా వాడకుండా ఊరుకుంటే పోతుందనుకోకండి. ఒక నంబరు మీద జీతం, ఇంకోదాని మీద ఇల్లు ఉంటే పునరుద్ధరణ అప్పుడు మెడకు చుట్టుకుంటుంది. రెండు కాగితాలు, రెండు పాస్‌పోర్టులు తీసుకుని పోలీసుల విదేశీయుల విభాగానికి వెళ్లి ఏది నిలుస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. తర్వాత బ్యాంకు, సామాజిక భద్రత, పన్నులు, అన్నిచోట్లా ఆ ఒక్కటే.

సమస్య: వేలిముద్రలు ఇచ్చాను, కార్డు రాలేదు, ఊరెళ్లాలి

వేలిముద్రల రోజు ఇచ్చే రెస్‌గ్వార్దో అనే రసీదు పారేయకండి. కార్డు సుమారు నెల, నెలన్నరలో వస్తుంది, రసీదు చూపించి మీరే తీసుకోవాలి. మళ్లీ వేలు పెట్టమంటారు. వీసా గడువు ఇంకా ఉంటే దాని మీదే వెళ్లి రావచ్చు. మూడు నెలలకే ఇచ్చిన చదువు వీసా అయితే, అది అయిపోయి, కార్డు రాని మధ్యకాలంలో తిరుగు ప్రయాణ అనుమతి తీసుకోవాలి. దాన్ని ఔతొరిసాసియోన్ దె రెగ్రెసో అంటారు, 90 రోజులు చెల్లుతుంది. అది స్పెయిన్ ఇచ్చే అనుమతి కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్ మీదుగా రాకండి. దోహా, దుబాయ్ నుంచి నేరుగా మాద్రిద్ లేదా బార్సెలోనాలో దిగే టికెట్ కొనండి.

సమస్య: విమాన టికెట్‌లో దీవివాసుల రాయితీకి ఎన్‌ఐఈ కొడితే తీసుకోవడం లేదు

దీవివాసులకు 75 శాతం రాయితీ ఉందని విని ఎన్‌ఐఈ, పురపాలక నమోదు రెండూ చేయించుకుని కొట్టినా సైటు తిప్పికొడుతుంది. నంబరులో తప్పేమీ లేదు. ఆ రాయితీ స్పెయిన్, యూరోపియన్ యూనియన్ పౌరులకు, వాళ్ల కుటుంబ సభ్యులకు, దీర్ఘకాల నివాస హోదా ఉన్న ఇతర దేశస్థులకు మాత్రమే. మొదటి ఏడాది కార్డు మీద ఉన్న మనవాళ్లకు రాదు. రాయితీ గడి టిక్ చేసి కొన్న టికెట్‌కు విమానాశ్రయంలో హోదా రుజువు చూపించలేకపోతే తేడా మొత్తం అక్కడే కట్టాలి. ఐదేళ్ల చట్టబద్ధ నివాసం పూర్తయి దీర్ఘకాల కార్డు చేతికి వచ్చేదాకా ఆ గడి ముట్టుకోకండి.